బండి బాడుగ

మార్చి ముప్పైయొకటి.
బెంగుళూరు, బహుమహడి కట్టడం, నాలుగో అంతస్తు.
సాయంత్రం అయిదు దాటితే
ఖర్చుకాని డబ్బు ఖజానాకి తిరిగిపోతుంది,
కార్పొరేషన్ కుళాయి గొంతులో
చివరి నీళ్ళు గుటకేసినట్టు.

నా బల్ల ముందు మునెంకటమ్మ.
హోసకోట అవతల తొగరుకుంట నుంచి
ఆరుంపావు బస్సెక్కి,
కె.ఆర్. పురం వంతెన దగ్గర గంటసేపు నిలబడి వచ్చింది.
వేళ్ళ కొసలు నల్లగా, సబ్బుకు లొంగని నలుపు.
పన్నెండు మంది సంఘానికి అధ్యక్షురాలు.
సంతకం నేర్చి రెండేళ్ళయింది.
పేరు రాసేటప్పుడు
పెదాలతో కూడా రాస్తుంది.

ఫైలు చెప్పేది ఇదీ:
గ్రామీణ ఆర్థికాభివృద్ధి గ్రాంటు,
చింతపండు గింజ తీసే యంత్రానికీ, షెడ్డుకీ,
నాలుగు లక్షల ఎనభై వేలు, రెండు కంతులు.
మొదటి కంతు అందింది.
షెడ్డు లేచింది. యంత్రం దిగింది.
ఫోటోలో యంత్రం మెడలో బంతిపూల దండ,
వెనక బోర్డు మీద మా శాఖ పేరు
ఊరి పేరుకి నాలుగింతలు.
త్రీఫేజు కరెంటు మాత్రం రాలేదు.
అది వేరే శాఖ. వేరే అంతస్తు.
లిఫ్టు అక్కడ ఆగదు.

యంత్రం మీద ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదంట.
షెడ్డులో నీడ బాగుందని
పన్నెండు మందీ అక్కడే కూచుని
ఎప్పటిలాగే రాయి మీద, సుత్తెతో.
చేసిందల్లా ఒకటే కొత్త పని:
మిగిలిన ముప్పైయెనిమిది వేలతో
బండి బాడుగకు మాట్లాడి
సరుకు తామే యశవంతపురానికి తోలారు.
ఊళ్ళో దళారి కిలోకి డెబ్బై ఇచ్చేవాడు.
ఇక్కడ నూటపద్దెనిమిది పలికింది.

సరిగ్గా దాని కిందే నా ఎర్ర గీత.
మంజూరైన పద్దుల్లో బాడుగ లేదు.
నిధుల మళ్ళింపు. వివరణ కోరడమైనది.

నాది ముళబాగిలు పక్క.
ఆఫీసులో కన్నడం, బస్సులో ఏది తగిలితే అది,
కోపానికి మాత్రం తెలుగే.
ఆమెకి మెల్లగా చెప్పాను, తెలుగులోనే:
"యంత్రానికి ఇచ్చింది యంత్రానికే పెట్టాలమ్మా.
దీంట్లో బండి రాయలేదు."

కాసేపు ఫైలు వైపు చూసింది,
దాని వెనకాల ఎవరో దాక్కున్నట్టు.
"బండి రాయలేదా సారూ?
మరి చింతపండు యాడికైనా
నడిచొస్తాదని రాసినారా?"

పక్క బల్ల శివరుద్రప్ప నవ్వాడు.
నేనూ నవ్వబోయి, గడియారం చూసి, మానుకున్నాను.

పై అధికారికి పంపితే
మూడు నిమిషాల్లో తిరిగొచ్చింది,
పచ్చ ఇంకుతో ఒకే మాట: చర్చిసి.
ఎవరితో? ఎప్పుడు? నాలుగున్నరయింది.
పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆ మాట కింద
చర్చ జరగగా నేను చూడలేదు.

ఆమె లేచింది. సంచిలోంచి
పేపర్లో చుట్టిన చింతపండు ముద్ద తీసి బల్ల మీద పెట్టింది.
తీసుకోకూడదమ్మా అన్నాను.
"తీసుకోమని కాదప్పా. గింజ ఉందేమో చూడు."
చూశాను. ఒక్కటీ లేదు.
మళ్ళీ చుట్టి సంచిలో వేసుకుని
లిఫ్టు తెలీక మెట్ల మీదుగా దిగిపోయింది.

అయిదింటికి సిస్టం మూసుకుంది.
రెండో కంతు వెనక్కి పోయింది.
నా జీతం కాగితం అదే రోజు వచ్చింది:
మూలవేతనం, కరువు భత్యం, ఇంటద్దె,
నాలుగో వరసలో, ఏ ఆక్షేపణా లేకుండా,
ప్రయాణ భత్యం.

ఫైలు కట్టబోతుంటే
పద్నాలుగో పేజీ, పదిహేనో పేజీ
విడి రాలేదు.
సంతకం పెట్టేటప్పుడు ఆమె వేలు ఆనిన చోట
జిగురు.
పద్నాలుగు: బండివాడి రసీదు.
పదిహేను: నా ఎర్ర గీత.

గోటితో లాగితే వచ్చేసేవే.
ఆడిటరు లాక్కుంటాడులే అని
దారం ముడేశాను.
రాత్రి అన్నం కలుపుకుంటుంటే
వేలి కొసన, ఇంకా, పులుపు.